4 కోట్ల పదాల టేబుల్‌లో కౌంట్ క్వెరీలు బాగా నెమ్మదిగా నడుస్తున్నాయి, ఏం మార్చాలి?

పదలెక్క అడిగిన ప్రశ్న:

పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) 15, సర్వర్‌లో 16 జీబీ ర్యామ్, సెట్టింగులన్నీ డిఫాల్ట్‌వే. "పత్రాలు" టేబుల్‌లో ఐడీ, తేదీ, పాఠం ఉన్నాయి. పాఠాన్ని అప్లికేషన్‌లోనే విడగొట్టి, "పదాలు" టేబుల్‌లో ఒక్కో పదాన్ని ఒక్కో రికార్డుగా పెడుతున్నాం. అందులో కాలమ్‌లు: ఐడీ (బిగ్‌ఇంట్), పత్రం_ఐడీ (ఇంటీజర్, ఫారిన్ కీ, అంటే "పత్రాలు" ఐడీని చూపించే కాలమ్), స్థానం (ఇంటీజర్), పదం (టెక్స్ట్). ఇప్పటికి 4 కోట్ల రికార్డులు దాటాయి, వాటిలో వేర్వేరు పదాలు 6 లక్షల దాకా ఉంటాయి. రోజుకు సుమారు 2,000 కొత్త పత్రాలు వస్తాయి. పాతవి కొన్ని మారుతుంటాయి, కొన్ని తీసేస్తుంటాం.

కావలసినవి మూడు లెక్కలు. ఒకటి, మొత్తంమీద ఎక్కువగా వచ్చిన 100 పదాలు. రెండు, ఫలానా పత్రంలో ఎన్ని పదాలున్నాయి. మూడు, రెండు తేదీల మధ్య వచ్చిన పత్రాల్లో ఎక్కువగా వచ్చిన పదాలు.

మొదటిదీ మూడోదీ నిమిషాలు తీసుకుంటున్నాయి, రెండోది కూడా సెకన్లలో ఉంది. పదం కాలమ్ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి విడిగా ఉంచే సూచిక) వేశాను, మొదటి క్వెరీలో తేడా ఏమీ లేదు. క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌లో సీక్వెన్షియల్ స్కాన్ (టేబుల్ మొత్తం చదవడం), దాని పైన హాష్ అగ్రిగేట్ (మెమరీలో హాష్ టేబుల్‌తో గుంపులు కట్టి లెక్కపెట్టడం) కనిపిస్తున్నాయి. అక్కడే బ్యాచెస్, డిస్క్ యూసేజ్ అని కూడా వస్తోంది. ప్రతి రికార్డుకూ ట్రిగ్గర్ (డేటా మారగానే దానంతటదే నడిచే ఫంక్షన్) పెట్టి, పదానికొక కౌంటర్ పెంచుకుంటూ పోదామా అని ఆలోచిస్తున్నాను.

---

బీ_చెట్టు జవాబు:

రెండో క్వెరీతో మొదలుపెడదాం, అది తేలిక. ఫారిన్ కీ పెడితే ఇండెక్స్ కూడా వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. పోస్ట్‌గ్రెస్‌లో రాదు. ఫారిన్ కీ చూపించే వైపు, అంటే "పత్రాలు" ఐడీ మీద, ప్రైమరీ కీ ఇండెక్స్ ఉంటుంది. "పదాలు"లోని పత్రం_ఐడీ మీద మీరే వేసుకోవాలి. అది లేకపోవడంతో ఒక్క పత్రం పదాలు లెక్కపెట్టడానికి 4 కోట్ల రికార్డులూ చదువుతోంది. మీరు పత్రం తీసేసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది: దానికి చెందిన పదాలు ఇంకా ఉన్నాయా అని చూడటానికి ప్రతిసారీ టేబుల్ మొత్తం స్కాన్. క్రియేట్ ఇండెక్స్ కంకరెంట్లీ వాడితే ఇండెక్స్ తయారవుతుండగా టేబుల్‌లోకి రాతలు ఆగవు. దాన్ని ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి జరిగే లేదా అన్నీ రద్దయ్యే మార్పుల గుంపు) బ్లాక్ లోపల నడపకూడదు. మధ్యలో విఫలమైతే ఇన్వాలిడ్ ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని డ్రాప్ చేసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇక మొదటి క్వెరీ. అందులో రికార్డులను వడకట్టే షరతు, అంటే వేర్ క్లాజే లేదు కాబట్టి ప్రతి రికార్డూ లెక్కలోకి రావాల్సిందే. ఇండెక్స్ ఉన్నంత మాత్రాన చదవాల్సిన రికార్డులు తగ్గవు. మహా అయితే టేబుల్ బదులు ఇండెక్స్‌నే చదివే అవకాశం వస్తుంది, దాన్నే ఇండెక్స్ ఓన్లీ స్కాన్ అంటారు. అయితే ఆ రికార్డు ఈ ట్రాన్సాక్షన్‌కి కనిపించాలా వద్దా అన్న సమాచారం ఇండెక్స్‌లో ఉండదు. విజిబిలిటీ మ్యాప్‌లో ఆ పేజీ "అందరికీ కనిపిస్తుంది" అని గుర్తుపెట్టి ఉంటేనే టేబుల్ జోలికి వెళ్లకుండా ఉంటుంది, ఆ గుర్తు పెట్టేది వ్యాక్యూమ్ (పనికిరాని పాత రికార్డులను శుభ్రం చేసే పని). ప్లాన్‌లో హీప్ ఫెచెస్ (టేబుల్‌కు వెళ్లి చూడాల్సి వచ్చిన సార్లు) అంకె పెద్దగా కనిపిస్తే వ్యాక్యూమ్ వెనకబడిందని అర్థం.

డిస్క్ యూసేజ్ ఎందుకు వస్తోందంటే, వర్క్_మెమ్ (సార్ట్, హాష్ లాంటి ఒక్కో పనికి ఇచ్చే మెమరీ) డిఫాల్ట్ 4 ఎంబీ. 15వ వెర్షన్‌లో హాష్_మెమ్_మల్టిప్లయర్ 2 కాబట్టి హాష్ టేబుల్‌కు 8 ఎంబీ దొరుకుతుంది. 6 లక్షల వేర్వేరు పదాలు అందులో పట్టవు, మిగిలినవి బ్యాచ్‌లుగా డిస్కు మీదికి పోతాయి. ఆ ఒక్క ట్రాన్సాక్షన్‌లో సెట్ లోకల్ వర్క్_మెమ్ 256 ఎంబీ అని ఇచ్చి చూడండి, డిస్క్ యూసేజ్ మాయమవుతుంది. పోస్ట్‌గ్రెస్ కాన్ఫిగ్ ఫైల్‌లో మాత్రం అంత పెట్టకండి. అది సర్వర్ మొత్తానికి పెట్టే పరిమితి కాదు. ఒక్కో క్వెరీలో ఒక్కో సార్ట్, ఒక్కో హాష్, పైగా ఒక్కో ప్యారలల్ వర్కర్ విడివిడిగా అంత తీసుకోవచ్చు. ఒకేసారి పాతిక కనెక్షన్లు అలా చేస్తే 16 జీబీ ఏ మూలకూ చాలదు.

ఇంతవరకూ పైపూత. అసలు ఇబ్బంది టేబుల్ డిజైన్‌లో ఉంది. ఎప్పుడో చేరిన, ఇక మారని పత్రాల పదాలను కూడా క్వెరీ నడిచిన ప్రతిసారీ మళ్లీ లెక్కపెడుతున్నారు. పత్రం చేరినప్పుడు ఒకసారి లెక్కపెట్టి, ఆ లెక్కనే దాచుకోవాలి.

నేనైతే ఇలా మారుస్తాను. "పద_కోశం" అని ఒక టేబుల్: పదం_ఐడీ ఇంటీజర్, పదం టెక్స్ట్, పదం మీద యునీక్. పదం కాలమ్‌కు కొలేట్ "సీ" ఇవ్వండి. అప్పుడు పోలికలు, సార్టింగ్ భాషా నియమాల జోలికి పోకుండా నేరుగా బైట్ల మీద జరుగుతాయి. రెండోది "పత్ర_పదాలు": పత్రం_ఐడీ, పదం_ఐడీ, సార్లు, మూడూ ఇంటీజర్లే. ప్రైమరీ కీ (పత్రం_ఐడీ, పదం_ఐడీ). ఒక పత్రంలో ఒక పదం 40 సార్లు వస్తే 40 రికార్డులకు బదులు ఒక్కటే ఉంటుంది. మూడోది, "పత్రాలు"లోనే మొత్తం_పదాలు అనే కాలమ్. మీ రెండో ప్రశ్నకు ఇక ప్రైమరీ కీతో ఒక్క రికార్డు చదివితే చాలు.

సైజు ఎంత తగ్గుతుందో లెక్క వేయండి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి రికార్డుకూ 23 బైట్ల హెడర్ ఉంటుంది, అలైన్‌మెంట్‌తో అది 24 అవుతుంది. పేజీలో దాన్ని చూపించే పాయింటర్‌కు మరో 4. మీ ఇప్పటి రికార్డులో ఐడీ 8, రెండు ఇంటీజర్లు 8. పదం తెలుగు లిపిలో ఉంటే ఒక్కో యూనికోడ్ అక్షరానికి 3 బైట్లు, కాబట్టి 6 అక్షరాలకు 18, పైన 1. మొత్తం 59, ఎనిమిదికి సర్దితే 64, పాయింటర్‌తో 68 బైట్లు. 4 కోట్లకు 2.7 జీబీ, ఇండెక్స్‌లు కాకుండానే. కొత్త రికార్డు 24 + 12 = 36, సర్దితే 40, పాయింటర్‌తో 44. రికార్డుల సంఖ్య కూడా పడిపోతుంది, పత్రాలు ఎంత పొడవుగా ఉంటే అంత ఎక్కువగా.

"సార్లు" కాలమ్‌ను స్మాల్‌ఇంట్ చేస్తే ఇంకా తగ్గుతుందనిపిస్తుంది. తగ్గదు: 24 + 10 = 34, సర్దితే అదీ 40నే. ఏమీ మిగలకపోగా 32,767 దగ్గర ఓవర్‌ఫ్లో అయ్యే ప్రమాదం నెత్తిన పెట్టుకున్నట్టవుతుంది.

స్థానం కాలమ్ దేనికి వాడుతున్నారో చూసుకోండి. రెండు పదాలు పక్కపక్కన వచ్చాయా అన్నది వెతకాల్సి ఉంటేనే పాత టేబుల్ ఉంచండి. లెక్కలకు అది అక్కర్లేదు.

డేటా మార్చేటప్పుడు వరస ముఖ్యం. ముందు పద_కోశం నింపండి: సెలెక్ట్ డిస్టింక్ట్‌తో వేర్వేరు పదాలు తీసి ఒకే ఇన్సర్ట్. తర్వాత పాత టేబుల్‌ను కోశంతో జాయిన్ చేసి, పత్రం_ఐడీ, పదం_ఐడీ మీద గ్రూప్ బై చేసి పత్ర_పదాలు నింపండి. ప్రైమరీ కీ, ఇండెక్స్‌లు ఆ తర్వాతే వేయాలి. ఇండెక్స్ ముందే ఉంటే ప్రతి రికార్డుకూ చెట్టులో చోటు వెతకాల్సి వస్తుంది, చివర్లో వేస్తే ఒకే సార్ట్‌తో పోతుంది. ఆ సెషన్‌లో మెయింటెనెన్స్_వర్క్_మెమ్‌ను 64 ఎంబీ నుంచి 1 జీబీకి పెంచండి. అంతా అయ్యాక వ్యాక్యూమ్ అనలైజ్. అది మరిచిపోతే ప్లానర్ దగ్గర గణాంకాలు ఉండవు, విజిబిలిటీ మ్యాప్ ఖాళీగా ఉంటుంది, కొత్త డిజైన్ కూడా నెమ్మదే అనిపిస్తుంది.

ఇంకొకటి. కొత్త పత్రం వచ్చినప్పుడు పదాలన్నిటినీ ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ (ఇప్పటికే ఉంటే వదిలేయి)తో కోశంలోకి తోస్తుంటారు. పదం ఇప్పటికే ఉన్నా సీక్వెన్స్ (ఐడీలకు వరస అంకెలు ఇచ్చేది) ఒక అంకె ముందుకు జరిగిపోతుంది. కోశంలో 6 లక్షల పదాలే ఉన్నా సీక్వెన్స్ కోట్లలోకి వెళ్లి, చివరికి ఇంటీజర్ పరిమితి 214 కోట్ల దగ్గర ఇన్సర్ట్‌లు ఆగిపోతాయి. ముందు లెఫ్ట్ జాయిన్‌తో కోశంలో లేని పదాలను ఏరి, వాటినే ఇన్సర్ట్ చేయండి. ఆన్ కాన్‌ఫ్లిక్ట్ ఎలాగూ ఉండాలి, అదే క్షణంలో ఇంకొక సెషన్ అదే పదాన్ని చేర్చవచ్చు.

---

లాక్_కాపలా జవాబు:

డిజైన్ విషయంలో పై జవాబుకు వంక పెట్టను. కానీ మొదటి ప్రశ్నకు ఒక్కో పదం మొత్తం ఎన్నిసార్లు వచ్చిందో దాచే మొత్తాల టేబుల్, "పద_మొత్తాలు", కూడా కావాలి. పత్ర_పదాలు చిన్నదే అయినా దాని మీద గ్రూప్ బై అంటే మళ్లీ కోట్ల రికార్డులే. మీరు ట్రిగ్గర్ అన్నారు కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను.

పదాల వాడకం సమానంగా ఉండదు. ఏ భాషలోనైనా కొద్దిపాటి పదాలు దాదాపు ప్రతి పత్రంలోనూ వస్తాయి. ట్రిగ్గర్ "పద_మొత్తాలు"లో కౌంటర్ పెంచిందంటే ఆ రికార్డు మీది లాక్ ట్రాన్సాక్షన్ ముగిసేదాకా వదలదు. రెండు పత్రాలు ఒకేసారి చేరుతుంటే రెండోది మొదటిదాని కోసం ఆగాలి. ఇది నెమ్మది మాత్రమే. మొదటి ట్రాన్సాక్షన్ "అ" పదం పట్టుకుని "ఆ" కోసం, రెండోది "ఆ" పట్టుకుని "అ" కోసం చూస్తుంటే డెడ్‌లాక్. పోస్ట్‌గ్రెస్ ఒక సెకను ఆగి, ఇది గమనించి ఒకదాన్ని రద్దు చేస్తుంది. అందుకే పదాలను ఎప్పుడూ ఒకే వరసలో తాకాలి: ఇన్సర్ట్ సెలెక్ట్‌లో గ్రూప్ బై, దాని తర్వాత ఆర్డర్ బై పదం_ఐడీ, చివర ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్ (ఇప్పటికే ఉంటే దాన్నే మార్చు). గ్రూప్ బై మరిచిపోయి ఒకే పదాన్ని ఒకే స్టేట్‌మెంట్‌లో రెండుసార్లు ఇస్తే "ఒకే రికార్డును రెండోసారి మార్చలేను" అన్న అర్థం వచ్చే ఎర్రర్‌తో మొత్తం ఆగిపోతుంది.

ట్రిగ్గర్ తప్పదనుకుంటే రికార్డుకొకటి వద్దు. స్టేట్‌మెంట్ స్థాయి ట్రిగ్గర్‌లో ట్రాన్సిషన్ టేబుల్ (ఆ స్టేట్‌మెంట్ మార్చిన రికార్డులన్నీ కనిపించే టేబుల్) వాడండి, 10వ వెర్షన్ నుంచీ ఉంది. 3,000 పదాల పత్రానికి 3,000 సార్లు ఫంక్షన్ పిలిచే బదులు ఒక్కసారి పిలుస్తుంది.

ఎక్కువ మంది ఒకేసారి రాసే చోట నేను సూచించేది మార్పుల టేబుల్. "పద_మార్పులు"లో (పదం_ఐడీ, తేడా) మాత్రమే చేర్చుతారు, దేన్నీ అప్‌డేట్ చేయరు కాబట్టి ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. పత్రం తీసేస్తే తేడా మైనస్‌లో వెళ్తుంది. పత్రం మారితే పాత లెక్క మైనస్‌లో, కొత్తది ప్లస్‌లో. కొద్ది నిమిషాలకొకసారి ఒక జాబ్, ఒకే విత్ స్టేట్‌మెంట్‌లో, డిలీట్ రిటర్నింగ్‌తో ఆ రికార్డులు తీసి, కూడి, మొత్తాలకు కలుపుతుంది. డిలీట్ బదులు ట్రంకేట్ వాడాలనే ఆశ పుడుతుంది. వాడితే, మీరు కూడిక చేసిన తర్వాత చేరిన మార్పులు కూడా లెక్కకు రాకుండా తుడిచిపెట్టుకుపోతాయి. జాబ్ రెండు చోట్ల ఒకేసారి నడవకుండా పీజీ_ట్రై_అడ్వైజరీ_లాక్ పెట్టండి.

పద_మొత్తాల టేబుల్‌లో "మొత్తం" కాలమ్ మీద ఇండెక్స్ వేయాలనిపిస్తుంది, టాప్ 100 కోసం. ఆగండి. ఇండెక్స్ లేని కాలమ్ మాత్రమే మారితే, అదే పేజీలో చోటుంటే, పోస్ట్‌గ్రెస్ ఇండెక్స్‌లను తాకకుండా అప్‌డేట్ చేయగలదు. దాన్ని హాట్ అప్‌డేట్ అంటారు. మొత్తం మీద ఇండెక్స్ వేశారంటే ఆ సౌకర్యం పోయి, ప్రతి పెంపుకూ ఇండెక్స్‌లో కొత్త ఎంట్రీ పడుతుంది. 6 లక్షల రికార్డులను స్కాన్ చేసి 100 ఏరడం పెద్ద పని కాదు. లిమిట్ ఉంటే టాప్‌ఎన్ హీప్‌సార్ట్ వాడుతుంది, మొత్తం సార్ట్ చేయదు. ఫిల్‌ఫ్యాక్టర్ (పేజీని ఎంత శాతం నింపాలన్న సెట్టింగు) మాత్రం 70 పెట్టండి, పేజీలో ఖాళీ ఉంటుంది.

రోజుకు 2,000 పత్రాలకు, అవీ ఒకే ప్రోగ్రామ్ నుంచి వస్తుంటే, ఇదంతా అక్కర్లేదు. పత్రం చేర్చే ట్రాన్సాక్షన్‌లోనే వరసగా అప్‌సర్ట్ (లేకపోతే చేర్చడం, ఉంటే మార్చడం) చేస్తే సరిపోతుంది. మార్పుల టేబుల్ అవసరం లాక్ నిరీక్షణలు కనిపించినప్పుడు వస్తుంది.

---

పదలెక్క:

పత్రం_ఐడీ ఇండెక్స్ వేశాక రెండో క్వెరీ మిల్లీసెకన్లలోకి వచ్చింది, థాంక్సండి. రెండు సందేహాలు. మూడో ప్రశ్నకు, అంటే తేదీల మధ్య లెక్కకు, ఏం చేయాలి? టీఎస్_స్టాట్ అనే ఫంక్షన్ పదాల లెక్క ఇస్తుందని చదివాను. టీఎస్‌వెక్టర్ (వెతకడానికి పాఠంలోని పదాలనూ వాటి స్థానాలనూ దాచే రకం) కాలమ్ పెట్టుకుంటే ఈ టేబుళ్లేవీ లేకుండా దాంతోనే సరిపోదా?

---

బీ_చెట్టు:

టీఎస్_స్టాట్ పదం, ఎన్ని పత్రాల్లో వచ్చింది, ఎన్నిసార్లు వచ్చింది అని మూడూ ఇస్తుంది, నిజమే. కానీ పిలిచిన ప్రతిసారీ టీఎస్‌వెక్టర్లన్నీ చదువుతుంది. టీఎస్‌వెక్టర్‌లో వెతకడానికి వాడే జిన్ ఇండెక్స్ ఉన్నా దీనికి పనికిరాదు. మీ అసలు ఇబ్బంది అలాగే ఉంటుంది.

లెక్క తప్పడానికి కూడా కారణాలున్నాయి. టీఎస్‌వెక్టర్‌లో ఒక పదానికి 256 స్థానాలకు మించి నిలవ ఉండవు. ఒకే పత్రంలో 400 సార్లు వచ్చిన పదం కూడా 256 లోపే కనిపిస్తుంది. టీఎస్‌వెక్టర్ సైజు 1 ఎంబీ దాటితే ఎర్రర్. ఇంగ్లిష్ కాన్ఫిగరేషన్ అయితే స్టాప్ వర్డ్స్ (ది, ఆఫ్ లాంటి తరచూ వచ్చే పదాలు) తీసేసి, మిగతావాటిని మూలరూపానికి కుదిస్తుంది. ఉన్నది ఉన్నట్టు కావాలంటే సింపుల్ కాన్ఫిగరేషన్ వాడాలి. వెతకడానికి టీఎస్‌వెక్టర్ మంచిదే, ఖచ్చితమైన లెక్కకు కాదు.

తేదీల లెక్కకు మరో మొత్తాల టేబుల్: (తేదీ, పదం_ఐడీ, సార్లు), ప్రైమరీ కీ అదే వరసలో. నెల రోజుల లెక్క కావాలంటే ఆ నెల రికార్డులు ఇండెక్స్‌లో పక్కపక్కనే ఉంటాయి, కూడితే చాలు. పదం టెక్స్ట్ కోసం కోశంతో జాయిన్ ముందే చేయకండి. లోపలి క్వెరీలో ఐడీల మీదే గ్రూప్ చేసి, లిమిట్ 100 పెట్టి, ఆ వందకే బయట జాయిన్ చేయండి. పాత పత్రం మారితే తేడా ఈ రోజు తేదీకి కాదు, ఆ పత్రం తేదీకి వేయాలి. పత్రం తేదీనే ఎవరైనా సరిదిద్దితే పాత తేదీ నుంచి మొత్తం తీసి కొత్త తేదీకి కలపాలి. కోడ్‌లో సాధారణంగా తప్పిపోయేది ఇదే.

అన్నట్టు, ఎన్ని వేర్వేరు పదాలు అన్న లెక్కకు కౌంట్ డిస్టింక్ట్ నేరుగా వాడితే హాషింగ్ జరగదు, ప్యారలల్‌గానూ నడవదు. సబ్‌క్వెరీలో సెలెక్ట్ డిస్టింక్ట్ చేసి, బయట కౌంట్ స్టార్ పెడితే రెండూ వీలవుతాయి.

---

ఇన్నోదారి జవాబు:

ఇదే పని మైఎస్‌క్యూఎల్‌లో చేసేవాళ్ల కోసం తేడాలు మాత్రం.

మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్‌గా వాడే స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీలో ఫారిన్ కీకి ఇండెక్స్ తనంతట తానే వస్తుంది. డేటా ప్రైమరీ కీ వరసలోనే నిలవ ఉంటుంది కాబట్టి పత్ర_పదాలకు ఆటో ఇంక్రిమెంట్ ఐడీ పెట్టకండి. (పత్రం_ఐడీ, పదం_ఐడీ) కీగా ఉంటే ఒక పత్రం పదాలన్నీ కొద్ది పేజీల్లోనే ఉంటాయి.

కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమం) దగ్గర మోసపోయేవాళ్లు చాలామంది. 8.0లో డిఫాల్ట్ కొలేషన్ ఇంగ్లిష్ చిన్న, పెద్ద అక్షరాల తేడానూ యాక్సెంట్ల తేడానూ చూడదు. పదం మీద యునీక్ పెడితే వేర్వేరు అనుకున్న పదాలు ఒకటైపోతాయి. ఉన్నదున్నట్టు కావాలంటే ఆ కాలమ్‌కు యూటీఎఫ్8ఎంబీ4_బిన్ ఇవ్వండి.

ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ నుంచి లెక్క తీద్దామనుకుంటే, ఇన్నోడీబీలో కనీస పదం పొడవు డిఫాల్ట్‌గా 3. అంతకంటే చిన్నవి అసలు చేరవు, స్టాప్ వర్డ్స్ కూడా పోతాయి.

పాఠం పొడవులోంచి స్పేస్‌లు తీసేసిన పొడవును తీసి, ఒకటి కలిపే చిట్కా అందరికీ తెలిసిందే. రెండు స్పేస్‌లు వరసగా ఉన్నా, కొత్త లైన్ ఉన్నా, పాఠం ఖాళీగా ఉన్నా తప్పు వస్తుంది. పైగా ప్రతిసారీ పాఠం మొత్తం చదవాలి.

ఎస్‌క్యూలైట్ వాడేవాళ్లకు ఎఫ్‌టీఎస్5వొకాబ్ అనే వర్చువల్ టేబుల్ ఉంది. రో రకంలో పదం, పత్రాల సంఖ్య, మొత్తం సార్లు నేరుగా ఇస్తుంది.

---

లాక్_కాపలా:

పాఠాన్ని విడగొట్టే కోడ్ గురించి ఎవరూ అనలేదు. అది ఒక్కచోటే ఉండాలి. అప్లికేషన్ ఒక పద్ధతిలో, పాత డేటా మార్చే స్క్రిప్ట్ ఇంకో పద్ధతిలో విడగొడితే లెక్కలు ఎప్పటికీ కలవవు. యూనికోడ్ పాఠాన్ని ముందు నార్మలైజ్ చేయాలి, అంటే వేర్వేరు కోడ్‌లతో రాసిన ఒకే అక్షరాన్ని ఒకే రూపానికి తేవాలి. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి నార్మలైజ్ ఫంక్షన్ ఉంది, డిఫాల్ట్‌గా ఎన్‌ఎఫ్‌సీ రూపానికి తెస్తుంది. అయినా కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అలాగే మిగులుతుంది, అది ఉన్న పదమూ లేనిదీ రెండు పదాలుగా లెక్కలోకి వస్తాయి. మీ పాఠాల్లో దానికి అర్థభేదం లేకపోతే తీసేయండి. డేటాబేస్ లోపలే విడగొడితే, ఒకే సెపరేటర్ సరిపోయే చోట రెగ్‌ఎక్స్‌ప్_స్ప్లిట్_టు_టేబుల్ కంటే స్ట్రింగ్_టు_టేబుల్ తేలిక, 14 నుంచి ఉంది. వరస స్పేస్‌లకు ఖాళీ పదాలు వస్తాయి, వాటిని వడకట్టాలి.

"పత్రాలు"లో విడగొట్టిన_వెర్షన్ అనే కాలమ్ పెట్టండి. నియమం మారినప్పుడు పాత వెర్షన్ పత్రాలను 500 చొప్పున మళ్లీ లెక్కపెట్టుకుంటూ పోవచ్చు, అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో చేయనక్కర్లేదు.

సరిచూసుకోవడానికి రాత్రి పూట మూడు కూడికలు: పత్రాలు.మొత్తం_పదాలు కూడిక, పత్ర_పదాలు.సార్లు కూడిక, పద_మొత్తాలు.మొత్తం కూడిక. మూడూ ఒకే స్నాప్‌షాట్‌లో (ఒకే క్షణపు డేటా నుంచి) రావాలి, కాబట్టి రిపీటబుల్ రీడ్ ట్రాన్సాక్షన్‌లో నడపండి, లేకపోతే మధ్యలో చేరిన పత్రం వల్ల లేని తేడా కనిపిస్తుంది. మార్పుల టేబుల్ ఉంటే అందులో మిగిలిన తేడాలను మూడోదానికి కలపండి. మొదటి రెండూ కలిసి మూడోది తేడా వస్తే సాధారణంగా డిలీట్ దారిలో మైనస్ వేయడం మరిచిపోయి ఉంటారు. ఫారిన్ కీ ఆన్ డిలీట్ క్యాస్కేడ్ అయితే ముందు అక్కడ చూడండి: అప్లికేషన్ కోడ్‌కు తెలియకుండానే పత్ర_పదాలు పోతాయి, మొత్తాలు అలాగే ఉండిపోతాయి.